పక్కన కూర్చునే ఆనవాయితీ

మా కొట్టు శ్రీశైలం హైవే మీద, పహాడీ షరీఫ్ కొండ కింద. పైన 13వ శతాబ్దపు సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా. దర్గాకు వచ్చేవాళ్లు, విమానాశ్రయంలో డ్యూటీలకు పోయేవాళ్లు, బార్కస్ వైపు నుంచి గల్ఫ్ కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు మా గిరాకీ. కంప్యూటర్ రిపేరు, జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు, సీజన్‌లో పెళ్లిపత్రికలు మా పని. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయినప్పటి నుంచి పాత లాప్‌టాప్ సంచిలో వేసుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ ఓ వయసుకు లోపలిదై ఉండాలి. వీళ్ల మెషీన్లేమో కంపెనీలు వాడి వదిలేస్తే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. బాగా నడుస్తున్న వస్తువును పారేయడానికి మనసొప్పదు. అందుకే "లినక్స్ కొట్టియ్యన్నా" అంటారు. ఆ వెంటనే, "ఖరాబైతే నువ్వున్నవ్ గద" అంటారు.

మొదటి మాటకు నాకు సంతోషం. రెండో మాటకు జవాబు చెప్పాలంటే కాస్త చరిత్ర చెప్పాలి. ఎందుకంటే దోస్తులను లినక్స్‌కు మార్చి, ఆ తర్వాత వాళ్ల ఫోన్లకు జవాబులు చెప్పలేక అలిసిపోయిన వాళ్లు ఈ ఊళ్లో పాతికేళ్లుగా ఉన్నారు. అలిసిపోకుండా నిలబడ్డవాళ్లూ ఉన్నారు. తేడా తెలివిలో లేదు. నిలబడ్డవాళ్లు ఒక ఆనవాయితీ పాటించారు.

అసలు ఈ కథంతా ఒక ప్రింటర్‌తో మొదలైంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితం ఇరుక్కునేది. అంతకుముందున్న ప్రింటర్ ఇరుక్కుంటే కంప్యూటర్ల ముందున్న వాళ్లకు కబురు వెళ్లేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్మన్ ప్రోగ్రాం మార్చుకున్నాడు. కొత్తదానికి ఆ పని చేద్దామంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. తన చేతిలో ఉన్న యంత్రాన్ని తానే బాగుచేసుకోలేకపోవడం ఆయనకు అన్యాయంగా తోచింది. ఎవరైనా చూసి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం కోసం 1983 సెప్టెంబర్ 27న గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, సంగతి బయటపెట్టాడు. రెండూ కలిస్తే మనం లినక్స్ అంటున్నది అయింది. జిరాక్స్ సెంటర్ నడిపేవాడిని కాబట్టి ఆ ప్రింటర్ ముచ్చట నాకు బాగా గుర్తుండిపోయింది. యంత్రం నీ ముందే ఉంది, రోగం నీకు తెలుసు, చెయ్యి పెట్టడానికి మాత్రం హక్కు లేదు. ఆ బాధ లేకుండా చేయడానికి పుట్టిన వ్యవస్థను తెచ్చి, దోస్తును మళ్లీ ఒకడి మీదే ఆధారపడేలా చేస్తే ఆ పని సగంలో వదిలేసినట్టే.

మన దేశానికి లినక్స్ ఎక్కువగా పత్రికల సీడీల మీద వచ్చింది. 1996 నుంచి పీసీక్వెస్ట్ పత్రిక లినక్స్ సీడీలు పంచింది. వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను జనానికిచ్చి అప్పటికి ఏడాదే. డయలప్ మీద వందల మెగాబైట్లు దించుకునే మాటే లేదు. సీడీ ఒకడి దగ్గర ఉంటే పదిమంది చేతులు మారేది. ఇన్‌స్టాల్ చేయడమూ ఇప్పటిలా కాదు. హార్డ్ డిస్కును చేత్తో భాగాలు చేసుకోవాలి, మానిటర్ రిఫ్రెష్ రేటు ఎంతో చెప్పాలి. అప్పటి చవక మోడెమ్‌లు చాలావరకు సగం పనిని విండోస్ డ్రైవర్ మీద తోసేసేవి. లినక్స్‌లో అవి చెవిటివి. ఒంటరిగా చేసేవాడు ఒక రాత్రికి విసిగి మళ్లీ విండోస్ కొట్టుకునేవాడు. అందుకే ఊరూరా లినక్స్ యూజర్ గ్రూపులు పుట్టాయి, వాటితో పాటు ఇన్‌స్టాల్ ఫెస్ట్ అనే పద్ధతి వచ్చింది. ఒక ఆదివారం, ఒక కాలేజీ ల్యాబ్ లేదా ఎవరిదో ఆఫీసు. ఎవరి సీపీయూ వాళ్లు ఆటోలో వేసుకుని రావాలి.

నేను మొదటిసారి అలాంటి చోటికి వెళ్లినప్పుడు అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేస్తున్నాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కోర్సుల పోస్టర్లుండే రోజులు. నా పక్కన కూర్చున్న సీనియర్ ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు. గంటసేపు నా కీబోర్డు ముట్టలేదు. పార్టిషన్ దగ్గర చేతులు వణుకుతుంటే, "నొక్కు అన్నా, అయ్యేదేంది? పోతే మళ్ల పెడదాం" అన్నాడు. నేను అతని మౌస్ అనుకుని అటు జరిపితే నావైపు తోశాడు. మెషీన్ ఎవరిదో చెయ్యి వాళ్లదే. తెలిసినవాడు పక్కన కూర్చుంటాడు, నోటితో చెప్తాడు, తెలియనివాడు నొక్కుతాడు. అప్పట్లో అది నాకు మర్యాదలా అనిపించింది. తర్వాత అర్థమైంది, అది ఆ గుంపులు ప్రాణం నిలుపుకునే ఉపాయం. తన చేత్తో ఒకసారి పెట్టుకున్నవాడు రెండోసారి భయపడడు. పైగా వచ్చే ఆదివారం ఇంకొకడి పక్కన కూర్చుంటాడు.

అయినా ఆ రోజుల్లో మారిన తెలుగువాళ్లు చాలామంది వెనక్కి పోయారు. కారణం వైరస్సులో ఆటలో కాదు, మన లిపి. ఈ సంగతి వివరంగా చెప్పాలి, నేను డీటీపీ చేసేవాడిని కాబట్టి దగ్గరగా చూశాను.

తెలుగును తెర మీదికి తేవడానికి తంటాలు పడ్డవాళ్లలో ప్రవాసులు ముందున్నారు. 90ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ తయారుచేశారు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టే ఆ పద్ధతి మీదే ఇవాళ్టికీ చాలామంది వేళ్లు నడుస్తాయి. మరోపక్క హైదరాబాద్ డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లు రాజ్యమేలాయి. పెళ్లిపత్రిక, కరపత్రం, పార్టీ పోస్టర్, వారపత్రిక అన్నీ వాటిలోనే. ఆ ఫాంట్లలో ఉన్న చిక్కు ఏమిటంటే, కంప్యూటర్‌కు అక్కడ తెలుగే కనబడదు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తలకట్లు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుగా కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంట్ తీసేస్తే పిచ్చిగీతలు. విండోస్ వదిలితే ఇరవై ఏళ్ల పత్రికల ఫైళ్లన్నీ ఆ గతే. నా డీటీపీ దోస్తును లినక్స్‌కు రమ్మంటే, "నా కస్టమర్ల పెళ్లిపత్రికలు నీ లినక్స్‌ల తెరుచుకుంటయా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

యూనికోడ్‌లో తెలుగుకు మొదటి నుంచీ చోటుంది, 128 గడులు. కానీ చోటు ఉండటం వేరు, తెర మీద సరిగ్గా కుదరడం వేరు. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. లోపల అది వరసగా ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆ ఆరింటినీ చదివి, స మీద గుడిదీర్ఘం పెట్టి, కింద తావత్తు, పక్కన రావత్తు కూర్చోబెట్టే పని ఒక ప్రోగ్రాం చేయాలి. ఆ ప్రోగ్రాం సరిగ్గా లేని రోజుల్లో లినక్స్‌లో ఒత్తులు విడిపోయి పొల్లులు కనబడేవి. మా అమ్మకు చూపిస్తే చదవలేకపోయింది. ఆ లోటు ఏ ఒక్క కంపెనీయో తీర్చలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చారు. రెడ్ హ్యాట్ లోహిత్ ఫాంట్లు ఇచ్చింది. అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే చిన్న లైబ్రరీ నేర్చుకుంది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పాత ఫాంట్ల వెబ్‌సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ కూడా రాశారు. 2006లో వీవెన్ లేఖిని తెచ్చారు. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా బ్రౌజర్ తెరిచి తెలుగు కొట్టొచ్చన్నమాట. ఆ తర్వాత సిలికానాంధ్ర వాళ్లు సూరన్న, ధూర్జటి, తిమ్మన లాంటి పేర్లతో అందమైన ఫాంట్లు ఉచితంగా విడుదల చేశారు. 2017లో పేజీలు కట్టే స్క్రైబస్ కొత్త వెర్షన్ మన ఒత్తులను అర్థం చేసుకుంది. ఆ వరసలో చివరిది అందాకనే నేను పెళ్లిపత్రికలు లినక్స్‌లో కట్టడం మొదలుపెట్టాను. పేర్లు తెలియని తెలుగు అనువాదకులు మెనూల్లో ఒక్కో మాటా కూర్చారు. వాళ్ల రుణం తీర్చలేనిది.

ఈ మధ్యలోనే స్వేచ్ఛ వచ్చింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలై, ఆ పేరు పెట్టుకున్న సంస్థ. 2005లో అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టం విడుదల చేసింది. మెనూలూ సందేశాలూ తెలుగులో. తర్వాత బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ, ఇంజినీరింగ్ పిల్లల కోసం ఈ-స్వేచ్ఛ. 2010లో దేశవ్యాప్తంగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా ఏర్పడితే అందులో భాగమైంది. నా లెక్కలో వాళ్లు చేసిన పెద్ద పని ఆ డిస్కులు కాదు, కాలేజీల్లో పెట్టిన గ్లగ్‌లు, అంటే విద్యార్థుల గ్నూ లినక్స్ గుంపులు. సీనియర్ బీటెక్ అయిపోయి వెళ్లిపోతాడు, జూనియర్ ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఒక్క మనిషి ఫోన్ నంబర్ మీద నడిచే వ్యవహారం కాదు. అదే రోజుల్లో ఉబుంటు అనే లినక్స్ రకం తయారుచేసేవాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో పంపేవాళ్లు, 2011లో ఆపారు. ఆ కవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కొట్టులో పెట్టుకున్న రోజులు నాకున్నాయి. ఊరికే వచ్చిన సీడీ తీసుకున్నవాళ్లలో నిలబడ్డవాళ్లు మాత్రం తక్కువ. పక్కన కూర్చునే మనిషి ఆ కవర్లో రాడు కదా.

మా కొండ పేరు ఈ చరిత్రలో ఇంకో రకంగానూ ఉంది. హార్డ్‌వేర్ పార్క్ మాకు కాస్త ముందుకెళ్తే ఉన్న రావిర్యాల ఇమారత్ కంచెలో వెలిసింది. అందులో ఉన్న సీ-డాక్ హైదరాబాద్ కేంద్రం చిరునామాలో పహాడీ షరీఫ్ పేరు ఉంటుంది. సీ-డాక్ అంటే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ. 2005లో కేంద్రం తమిళంతో మొదలుపెట్టి భారతీయ భాషల ఫాంట్లు, ఓపెన్ ఆఫీస్ ఉన్న సీడీలు జనానికి ఉచితంగా పంచింది. ఆ పనిలోనూ, 2007లో చెన్నై కేంద్రం తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ ఉన్నది ఆ సంస్థే. తెలుగులోనూ సమాచారమిచ్చే వికాస్‌పీడియా హైదరాబాద్ కేంద్రం పని. ఆ పక్కనే ఫ్యాబ్ సిటీ అన్నారు, చిప్పులు చేస్తామన్నారు. చిప్పులు రాలేదు, సోలార్ ఫలకల కంపెనీలు వచ్చాయి. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకున్నాక భూముల ధరలు, రోడ్లు, జనం అన్నీ మారాయి. కంప్యూటర్ అవసరం కూడా మా గల్లీలోకి అప్పుడే పూర్తిగా వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న కొడుకును తెర మీద చూడటానికి తల్లులు నెట్ సెంటర్లలో వరసలో కూర్చునేవాళ్లు.

ఆనవాయితీని ప్రభుత్వమే పాటిస్తే ఏమవుతుందో చూడాలంటే కేరళ చూడాలి. 2001లో తిరువనంతపురం వచ్చిన స్టాల్మన్ అక్కడ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాను ప్రారంభించాడు. అక్కడి ఐటీ@స్కూల్ పథకం కొన్నేళ్లలో బడుల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. 2008 నాటికి పదో తరగతి ఐటీ పరీక్ష పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే. రాజధాని నుంచి ఎవరో ఇంజినీరు వచ్చి బాగుచేసే ఏర్పాటు పెట్టుకుంటే అది ఏడాది కూడా నడిచేది కాదు. ప్రతి బడిలో ఒక టీచర్‌ను ఐటీ సమన్వయకర్తగా తయారుచేశారు. లెక్కల టీచరో మలయాళం టీచరో, ఎవరైనా సరే. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులే పెట్టారు. బాగుచేసే చెయ్యి బడిలోనే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఉత్సాహవంతులైన టీచర్లు ఎంతమంది లేరు? వాళ్లను కలిపి కూర్చోబెట్టే ఆ ఏర్పాటు మనకు రాలేదు. ఇది నన్ను బాధించే విషయం.

కొట్టులో నేను చేసేది ఆ పద్ధతికి చిన్న రూపమే. ముందు, ఏం పని చేస్తావని అడుగుతాను. వేలిముద్ర మెషీన్ పెట్టి ఆధార్ పనులు చేసేవాళ్లను, డిజిటల్ సంతకం టోకెన్‌తో టెండర్లు వేసేవాళ్లను, ఫలానా అకౌంట్స్ ప్యాకేజీ మీదే బతికేవాళ్లను లినక్స్‌కు రమ్మనను. ప్రింటర్ మోడల్ తెలుసుకోకుండా మాట ఇవ్వను. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లినక్స్‌లో ఎంత బతిమాలినా కాగితం కదపవు. హెచ్‌పీవి చాలావరకు పెట్టగానే నడుస్తాయి. తర్వాత పెన్‌డ్రైవ్ ఇస్తాను. లోపల ఏదీ చెరపకుండా దాని మీద నుంచే మెషీన్ నడిపి వారం వాడి చూడమంటాను. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ఉర్దూ, తెలుగు రెండూ కొట్టగలుగుతున్నారా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. నచ్చితే రండి, ఒంటరిగా కాదు, ఇంకొకరిని వెంట తెచ్చుకుని రండి.

ఈ చివరి షరతు దగ్గర అందరూ ఆశ్చర్యపోతారు. ఇద్దరి మెషీన్లు పక్కపక్కన పెట్టి, ఒకరిది ఇంకొకరు చూస్తూ పెట్టించాలన్నది నా పట్టు. మా గల్లీ టైలర్ భాయ్, మదర్సాలో ఉర్దూ చెప్పే ఉస్తాద్ గారు అలాగే వచ్చారు. టైలర్ భాయ్‌కు కొలతల పట్టిక, యూట్యూబ్ చాలు. ఉస్తాద్ గారికి నస్తలీఖ్ కావాలి, వాలుగా జారే ఆ అక్షరం లేకపోతే ఉర్దూవాళ్లకు కాగితం కాగితంలా ఉండదు. ఇన్నాళ్లూ ఆయనకు విండోస్‌లో ఉర్దూ పేజీలు కట్టే ఇన్‌పేజ్. లినక్స్‌లో గూగుల్ నోటో నస్తలీఖ్ పెట్టుకున్నాం. ఎక్కడ నొక్కాలో నేను చెప్పాను, ఆయన నొక్కారు. కీబోర్డు మార్చే మీటలేవో టైలర్ భాయ్ నోట్‌బుక్‌లో తన అక్షరాలతో రాసుకున్నాడు. నేను రాసిచ్చిన కాగితం కన్నా ఆ నోట్‌బుక్ ఎక్కువ పనిచేసింది, ఎందుకంటే అందులో తనకు అర్థమైనదే ఉంది. అప్‌డేట్ తర్వాత ఉస్తాద్ గారి తెర ఒకసారి తేడా చేసింది. నాకు ఫోన్ రాలేదు. టైలర్ భాయే వెళ్లి, లినక్స్ మింట్‌లో ఉండే టైమ్‌షిఫ్ట్ తెరిచి, ముందురోజు స్థితికి వెనక్కి తిప్పి వచ్చాడు. నాకు ఆ సంగతి చాయ్ హోటల్లో తెలిసింది.

రిమోట్ యాప్ పెట్టుకుని నేనే కొట్టు నుంచి సరిచేయొచ్చు కదా అంటారు. పని తొందరగానే అవుతుంది. కానీ తెర మీద బాణం దానంతట అది కదులుతుంటే చూసినవాడికి ఏమీ అబ్బదు, ఈసారి ఇంకా ముందే ఫోన్ చేస్తాడు. అందుకే ఫోన్ వస్తే నా మొదటి ప్రశ్న: తెర మీద ఏం రాసుందో చదువు. చదివేసరికి చాలామందికి జవాబు తోచేస్తుంది. 2001లో ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్ ప్రశ్న ఎలా అడగాలో చెబుతూ పేరుమోసిన వ్యాసం రాశాడు. అందులోని గద్దింపు ధోరణి నాకు నచ్చదు, మన దగ్గర అలా మాట్లాడితే మనిషి మళ్లీ గుమ్మం తొక్కడు. సారం మాత్రం నిజమే: ఏం చేశావు, ఏం జరగాలి, ఏం జరిగింది. ఈ మూడూ చెప్పగలిగినవాడు సగం మెకానిక్. ఇంకో కట్టుబాటు, ఐదేళ్లు అప్‌డేట్లు వచ్చే ఎల్‌టీఎస్ రకాలే పెట్టిస్తాను. ఆరు నెలలకోసారి మారేవి ఇష్టపడే కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే పెట్టుకుంటారు.

హార్డ్‌వేర్ పార్క్ మా కొట్టుకు దగ్గరే. అందులోని సంస్థలకు నా విన్నపం ఒకటుంది. నెలకో శనివారం ఒక గది తెరవండి. బల్లలు, ప్లగ్ పాయింట్లు, నెట్ చాలు. పెన్‌డ్రైవ్‌లు నేను తెస్తాను. జల్‌పల్లి, షాహీన్‌నగర్, తుక్కుగూడ, మామిడిపల్లి నుంచి పాత లాప్‌టాప్‌లతో జనం వస్తారు. చుట్టుపక్కల ఇంజినీరింగ్ పిల్లల్ని పిలవండి, వాళ్లకు ముందే ఒక్క మాట చెప్పండి: కుర్చీ పక్కకు వేసుకోవాలి, మౌస్ ముట్టకూడదు. ఉర్దూ తెలిసినవాళ్లు ఇద్దరు ఉండేలా చూడండి. ఆడవాళ్లకు విడిగా ఒక పూట పెడితే బార్కస్ వైపు నుంచి కూడా వస్తారు, నన్ను అడిగిన అక్కలు చాలామంది ఉన్నారు. టైలర్ భాయ్ ఒక బల్ల దగ్గర కూర్చుంటానని ఇప్పటికే ఒప్పుకున్నాడు.